బంకు మావయ్య, రెండో ట్యాంకు

ఆ దారి మొత్తానికి డీజిలు పోసే బంకు ఒక్కటే. ఆ బంకుకు ఓనరు ఒక్కడే. ఆ ఓనరుకు మేనకోడలు కూడా ఒక్కతే. ఇన్ని ఒకట్లు ఒకచోట చేరాక తగువు రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ, వస్తే ఆశ్చర్యమేముంది?

మేనకోడలు జీపు నడుపుతుంది. నాలుగు చక్రాలూ లాగే జీపు. పొద్దున్నే టౌన్లో మనుషుల్నీ మూటల్నీ ఎక్కించుకుని, రాళ్ళ మైదానం దాటి, అవతల గని కాలనీలో దించుతుంది. అక్కడివాళ్ళని ఎక్కించుకుని పొద్దుగూకేలోపు వెనక్కి తెస్తుంది. ఇదివరకు ఆ జీపు ఆమె మొగుడు నడిపేవాడు. ఓసారి జాకీ జారి బండి నడుం మీదికొచ్చింది. డాక్టరు స్టీరింగుకి దండం పెట్టెయ్యమన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంటి ముందు బండి ఊరికే నిలబడింది, ఇంటి లోపల మొగుడు ఊరికే కూర్చున్నాడు. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కూర్చున్నవాణ్ణి లేపడం తన వల్ల కాదు, నిలబడ్డదాన్ని నడపడం అవుతుందేమో అనుకుంది. తాళం తీసుకుంది. అంతే, ఆ రోజు నుంచి అందరికీ ఆమె డ్రైవరమ్మ.

ఆ దారి సంగతి కూడా చెప్పుకోవాలి. దారి కాదది, దుమ్ము పరిచిన చాప. గనిలోంచి వచ్చే తెల్లటి రాతిపొడి. చీమ తుమ్మినా పొగ లేస్తుంది. అందుకని అక్కడి జనం ఎక్కడ కన్నం కనపడితే అక్కడ గుడ్డ చుట్టేస్తారు. కూజా మూతికి గుడ్డ, తాళంకప్పకి గుడ్డ, రేడియోకి గుడ్డ, ముక్కుకి సరేసరి. మొగుడు నోరు తెరుచుకుని గురక పెడితే దాని మీద కూడా ఓ గుడ్డ పరిచే ఇల్లాళ్ళున్నారు.

ఇక బంకు. టౌన్లో నిండా పోయించుకున్న ట్యాంకు కాలనీ దాకా వెళ్ళి, తిరుగుదారిలో సరిగ్గా ఆ బంకు దగ్గరికి వచ్చేసరికి ఆవులిస్తుంది. బండి ఎవడిదైనా అక్కడ ఆగాల్సిందే. కాలనీలో గనివాళ్ళకి సొంత డీజిలుంది గానీ బయటివాళ్ళకి చుక్క వెయ్యరు. కాబట్టి బంకు మావయ్య ఆ దారికి రాజు.

ఆ రాజుకి మేనకోడలు చక్రం తిప్పడం మింగుడు పడలేదు. "మనింటి ఆడపిల్ల మగాళ్ళని వెనకేసుకుని ఊళ్ళు తిరగడమేంటి?" అన్నాడు. అది పైమాట. లోపలిమాట వేరే ఉంది. జీపు తన చిన్న కొడుకు నడపాలి. ఆ చిన్నోడు సైకిలెక్కినప్పుడే గోడలు వెతుక్కుంటూ వెళ్ళి గుద్దుకునేవాడు. ఇప్పుడు జీపు ఇస్తే కొండలే వెతుక్కుంటాడు. డ్రైవరమ్మ కుదరదంది. మావయ్య ముందు బుజ్జగించాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత పైపు పక్కన పెట్టేశాడు.

"స్టాకు లేదమ్మాయ్."

"ఇప్పుడేగా ఆ లారీకి పోశావు మావయ్యా!"

"వాడితో అయిపోయింది."

ఆమె వెనకాల వచ్చిన ట్రాక్టరుకి మళ్ళీ స్టాకొచ్చేది. రోజూ ఇదే తంతు.

డ్రైవరమ్మ క్యాన్లలో డీజిలు మోసుకెళ్ళడం మొదలెట్టింది. మనుషుల కాళ్ళ మధ్య క్యాన్లు. ఆ వాసనకి కాలనీ బళ్ళో పాఠాలు చెప్పే టీచరమ్మ దారి పొడుగునా తల బయటే పెట్టుకుని వచ్చేది. దిగేసరికి ఆవిడ మొహం సున్నం కొట్టిన గోడలా ఉండేది. ఓ గతుకులో క్యాను మూత ఊడి, గంపలో కోళ్ళు తెచ్చుకునే ముసలాయన కోళ్ళన్నీ తడిసిపోయాయి.

"ఇవి గుడ్లు పెట్టడం మానేశాయమ్మా. పెట్టిన ఒక్కటీ దీపంలోకి తప్ప పనికిరాదు," అన్నాడు కోళ్ళ తాత.

నవ్వింది గానీ, ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఆమెకి ఒకటే ఆలోచన. ఒక నిప్పురవ్వ పడితే? ఇంతమంది ప్రాణాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని తిప్పుతున్నానే! అలాగని మావయ్య కాళ్ళ మీద పడుతుందా? ఆమె ఎముకలు అటు వంగవు.

మర్నాడు జీపు తిన్నగా బాబాయి షెడ్డుకి తోలింది.

బాబాయంటే ఆమె నాన్నకి తమ్ముడు. మెకానిక్కు. చేతిలో పానా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఊరందరికీ పానా బాబాయే. పనిలో గట్టివాడు, పరాచికాల్లో ఇంకా గట్టివాడు. షెడ్డులో కస్టమర్ల కోసం మెత్త వేసిన స్టూలొకటి ఉంది. ఆ మెత్త కింద పాత లారీ హారను బటను దాచాడు. కొత్తవాడెవడైనా కూర్చుంటే షెడ్డు అదిరిపోతుంది, వాడు అంతకన్నా ఎగిరిపోతాడు.

"బాబాయ్, ఈ బండికి ఇంకో పొట్ట పెట్టాలి," అంది డ్రైవరమ్మ.

"ఉన్న పొట్టకే గతి లేదు, ఇంకోటెందుకే తల్లీ? నన్ను చూసి మీ పిన్ని రోజూ అనే మాట ఇది."

"నిజంగా అంటున్నా. కింద ఇంకో ట్యాంకు బిగించు. టౌన్లోనే రెండూ నింపుకుంటా. మావయ్య బంకు ముందు నుంచి హారను కొట్టుకుంటూ పోవాలి నేను."

బాబాయి ఆమె మొహంలోకి చూశాడు. పరాచికం పక్కన పెట్టి, చాప తీసుకుని జీపు కిందికి దూరాడు.

ముందు అట్టలు కత్తిరించి ఉత్తుత్తి ట్యాంకు చేశాడు. వెనక సీట్ల కింద స్టెప్నీ ఉండే చోట దాన్ని పెట్టి చూశాడు. సైలెన్సరుకి దూరంగా ఉందా, ఇరుసు పైకి లేస్తే తగులుతుందా అని ఒక చక్రం దిమ్మె ఎక్కించి మరీ చూశాడు. స్టెప్నీని వెనక తలుపుకి వేలాడదీశాడు. అట్ట కుదిరాక మందపాటి రేకుతో అసలు ట్యాంకు. లోపల బెజ్జాలున్న అడ్డగోడలు పెట్టాడు. "గదులు కట్టకపోతే మలుపు తిరిగినప్పుడల్లా డీజిలంతా ఒక మూలకి పరిగెడుతుంది. పెళ్ళిలో భోజనాలని పిలిస్తే జనం పరిగెత్తినట్టు," అన్నాడు. అతుకుల మీద సబ్బునురుగు పూసి, లోపలికి గాలి పట్టి, ఎక్కడా బుడగ లేవట్లేదని చూసుకున్నాడు. రబ్బరు పట్టీలు వేసి ఛాసిస్‌కి బోల్టులు బిగించాడు. కొత్త ట్యాంకులోంచి పాత ట్యాంకులోకి డీజిలు తోడడానికి చిన్న కరెంటు పంపు, దానికి స్టీరింగు పక్కన, బండి తాళంతో పని లేకుండా, ఓ స్విచ్చి.

చివర్లో, డీజిలు పోసే గొట్టం పక్క నుంచి సన్నటి పైపొకటి వెనక మడ్‌గార్డు లోపలికి, పైకంటా లాగాడు.

"ఇదెందుకు బాబాయ్?"

"ముక్కు. డీజిలు బయటికి పోయినంత మేర గాలి లోపలికి రావద్దూ? అదీ మనలాంటిదేనే, ఊపిరాడకపోతే పని చెయ్యదు."

సరిగ్గా ఆ సమయానికే షెడ్డు ముందు స్కూటరాగింది. బంకు మావయ్య.

"ఏం బావా, దారి తప్పావా?" అన్నాడు బాబాయి జీపు కింద నుంచి. కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

"నీతో కాదు, నా మేనకోడలితో పని," అంటూ మావయ్య స్టూలు మీద కూర్చున్నాడు.

బాఁయ్!

మావయ్య రెండు అడుగులు గెంతి, ఏమీ జరగనట్టు చొక్కా సర్దుకున్నాడు. రోడ్డు మీద హారననుకున్నాడు పాపం. మళ్ళీ వెనక్కొచ్చాడు.

"చూడమ్మాయ్, మీ అమ్మ బతికుంటే ఈ వేషాలు వెయ్యనిచ్చేదా?"

"మా అమ్మ బతికుంటే ముందు నీ చెవి మెలేసి నాకు డీజిలు పోయించేది మావయ్యా."

"నేను చెప్పేది నీ మంచికే..." అంటూ కూర్చున్నాడు.

బాఁయ్!

"స్టూలుకి కూడా నమ్మకం కుదరట్లేదు బావా," అన్నాయి జీపు కింద కాళ్ళు.

షెడ్డు బయట టీ తాగుతున్నవాళ్ళు పగలబడి నవ్వారు. మావయ్యకి ఒళ్ళు మండింది. మొహం ఎర్రబడింది.

"నవ్వండి. ఒక ట్యాంకు కాదు, వీపుకింకోటి కట్టుకు తిరుగు. ఏదో ఒకరోజు నీ బండి నా బంకు ముందు ఆగుతుంది. ఆగిందా, అక్కడికక్కడ తాళం నా చేతిలో పెట్టి దిగాలి. మర్నాటి నుంచి మా చిన్నోడు నడుపుతాడు. మాటిస్తావా?"

"ఇచ్చా, పో!" అంది డ్రైవరమ్మ. ఆలోచించలేదు. అందరి ముందూ అనేసింది.

మావయ్య వెళ్ళాక బాబాయి కింద నుంచి మొహం బయటపెట్టాడు. మొహం నిండా గ్రీజు, అందులో నవ్వు మాత్రం లేదు.

"కోపంలో నోటికి బ్రేకు ఉండదే తల్లీ. బండి పందెంలో పెట్టేశావు."

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. కుర్చీలో కూర్చుని కర్ర కొనతో నేల మీద గీతలు గీస్తూ విన్నాడు. "బండి పోతే మనిద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి," అన్నాడు. తిండి సంగతి ఒక్కటే కాదు. ఆ స్టీరింగు ముందు కూర్చున్నంతసేపూ ఆమెని ఎవరూ అది తే ఇది తే అనరు. ఎటు తిప్పితే అటు వెళుతుంది దారి. అది ఆమెకి కొత్త రుచి. అది పోయాక ఎలా బతకాలో ఆమెకి తెలీదు.

సాయంత్రమే వెళ్ళి రెండు ట్యాంకులూ నింపుకొచ్చింది. తెల్లారి ఆమె వాకిట్లోకి వచ్చేసరికి మొగుడు అప్పటికే లేచి, కర్ర పట్టుకుని జీపు చుట్టూ తిరుగుతున్నాడు. వెనక మడ్‌గార్డు మీద చెయ్యేసి నిమురుతున్నాడు.

"గాలి తోలుతోంది. ఈ రోజు దుమ్ము బాగా ఉంటుంది, జాగ్రత్త," అన్నాడు.

వెళ్ళేటప్పుడు బండి పూలరథంలా హాయిగా వెళ్ళింది. బంకు దాటుతూ హారను కొట్టింది. మావయ్య వరండాలో నిలబడి చూశాడు. చెయ్యి ఊపలేదు. కాలనీలో మనుషులు దిగారు, మనుషులు ఎక్కారు. టీచరమ్మ సీట్లో కూర్చుని ముక్కెగరేసి, "వాసనే లేదమ్మా! ఈ రోజు తల లోపలే పెట్టుకోవచ్చు," అని మురిసిపోయింది. కోళ్ళ తాత ఖాళీ గంప పెట్టుకుని వెనక ఎక్కాడు.

తిరుగుదారిలో సగం దూరం రాగానే డ్రైవరమ్మ స్విచ్చి నొక్కింది. కింద పంపు సన్నగా రొద పెట్టింది. ఆమెకది సంగీతం. డీజిలు ముల్లు వంక చూసి లాభం లేదు, అది ఎప్పుడో సగం గీత దగ్గర చచ్చి సమాధైపోయింది.

కాసేపటికి కింద నుంచి డబ్‌మని ఒక చప్పుడు.

"కిందెవరో తలుపు కొడుతున్నారమ్మా," అన్నాడు కోళ్ళ తాత.

"రాయి ఎగిరి తగిలుంటుంది తాతా."

దూరంగా బంకు రేకు కనపడింది. డ్రైవరమ్మ వీపు నిటారుగా పెట్టి, హారను మీద చెయ్యి పెట్టుకుంది. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. వద్దురా నాయనా, ఇక్కడొద్దు, ఆ మలుపు దాటాక నీ ఇష్టం అని లోలోపల బతిమాలింది. వింటేనా! గునిసి గునిసి, బంకు బోర్డు నీడ ఎక్కడ పడుతుందో చూసుకుని మరీ, ఆ నీడలో ఆగింది.

ఒక్క నిమిషం దుమ్ము తప్ప ఏదీ కదల్లేదు.

తర్వాత మావయ్య వచ్చాడు. ఒక చేతిలో డీజిలు క్యాను. ఈ రోజు స్టాకుంది. వెనకాల చిన్నోడు. వాడు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు సిద్ధంగా ఉన్నాడు.

"దిగమ్మాయ్. క్యాను పోయించుకో. తాళం ఇటివ్వు," అన్నాడు మావయ్య చెయ్యి చాచి.

డ్రైవరమ్మ దిగింది. తాళం తీసి జాకెట్లో దోపుకుని, చాచిన చెయ్యి చుట్టూ తిరిగి వెళ్ళి, కొత్త ట్యాంకు పక్కన నేల మీద పడుకుంది. స్విచ్చి వేసే ఉంది, పంపు రొద పెడుతూనే ఉంది. కానీ పాత ట్యాంకులో డీజిలు పడుతున్న చప్పుడు మాత్రం లేదు. కొత్తదాన్ని వేలి మెటికలతో కొట్టింది. నిండు చప్పుడే. రేకు ఒక పక్క లోపలికి పోయి ఉంది, బుగ్గలు లోపలికి పీల్చుకున్న ముసలమ్మలా.

దీనికి ఊపిరాడట్లేదు!

లేచి వెనక మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి, సన్నటి పైపు కొన వెతికింది. వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూసింది. గుడ్డ. గుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం. కాగితం మీద పాత ట్యూబు కోసిన రబ్బరు. వరసలు వరసలుగా, గాలి కాదు గదా గాలి తమ్ముడు కూడా దూరకుండా చుట్టి, పైన ముడి.

ఆ ముడి ఆమెకి తెలుసు. రోజూ తన అన్నం గిన్నెకి మొగుడు కట్టిచ్చే ముడి అది. దుమ్ము లోపలికి పోతుందని, తన పెళ్ళాం బండి పాడవుతుందని, తెల్లారకుండానే లేచి, వంగని నడుముని వంచి, కట్టాడు మహానుభావుడు. ఆమెకి ఆ క్షణంలో అతని పీక పిసకాలనిపించింది. పక్కన కూర్చోబెట్టుకుని జుట్టు నిమరాలని కూడా అనిపించింది. ఏది ముందో తేల్చుకోలేక ముక్కు ఎగపీల్చింది.

"ఏంటది?" మావయ్య తొంగిచూశాడు. చూసి ఘొల్లున నవ్వాడు. "ఊపిరి గొట్టానికి గుడ్డ కట్టిన మొనగాడెవడు? ఆ పానాగాడా? నీ మొగుడా?"

"నేనే కట్టా."

"సొంత బండికి ముక్కెక్కడుందో తెలీనిదానివి నువ్వేం డ్రైవరువే?"

"తెలిసింది కాబట్టేగా విప్పుతున్నా."

ముడి వేళ్ళకి లొంగలేదు. పళ్ళతో పట్టి లాగింది. రబ్బరు ఊడగానే ట్యాంకు హుస్స్‌మని పెద్ద గుటక వేసింది, నీళ్ళలో మునిగి పైకి తేలినవాడిలా. డబ్‌మని రేకు బుగ్గ యథాస్థానానికి వచ్చింది. వెంటనే పాత ట్యాంకు లోపల జలజలా ధార.

"తాతా, వినపడుతోందా?"

"చల్లగా వినపడుతోందమ్మా," అన్నాడు కోళ్ళ తాత.

ఆమె బానెట్ ఎత్తింది. ఇంజనులో దూరిన గాలి బయటికి పోవాలి. చిన్న మరను వదులు చేసి, చేతిపంపు కొట్టసాగింది. నురగ వచ్చింది. ఇంకా కొట్టింది. నురగే. మావయ్య ఆమె భుజం పక్కనే నిలబడి నసపెట్టాడు.

"అవన్నీ తర్వాత. బండి ఆగిందా లేదా?"

"ఆగింది."

"మాటిచ్చావా లేదా?"

"ఇచ్చా."

"మరి తాళం?"

నురగ పోయి నిఖార్సైన డీజిలు వచ్చింది. ఆమె మర బిగించి, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, మావయ్య కళ్ళలోకి చూసింది.

"స్టాకు లేదు మావయ్యా."

టీచరమ్మ కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. కోళ్ళ తాత మూసుకోలేదు. మావయ్యకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మాట తప్పుతావుటే?"

"తప్పుతా. రోజూ నీ వెనక పీపాలు నిండుగా పెట్టుకుని లేదన్నావు, నేను విన్నాను. ఈ రోజు జాకెట్లో తాళం పెట్టుకుని నేను లేదంటున్నా, నువ్వు విను. పౌరుషానికి ఒక మాట అన్నాను, తప్పే. ఆ తాళం నా ఒక్కదానిది కాదు. పందెం కట్టడానికి నాకు హక్కు లేదు, అడగడానికి నీకసలే లేదు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ బండిలోనే ఉన్నారు. అడుగు."

మావయ్య జీపు వంక చూశాడు. టీచరమ్మ చేతి గడియారం చూపించి, "ఈవిడ నడిపితే మేము ఇంటికి చేరతాం. మీ అబ్బాయి నడిపితే ఎక్కడికి చేరతామో తెలీదు," అంది. చిన్నోడు దువ్విన తల గోక్కున్నాడు. వాడికి కూడా ఆ మాట నిజమేననిపించినట్టుంది, మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు.

డ్రైవరమ్మ సీటెక్కి తాళం తిప్పింది. గుర్రుమంది, ఆగింది. ఇంకోసారి. గుర్రు, గుర్రు. మూడోసారికి ఇంజను అందుకుంది. సైలెన్సరు నల్లగా ఓ దమ్ము వదిలి, తర్వాత నిలకడగా పాడసాగింది.

ఇక దుమ్ము లేపుకుంటూ పోతుందని అందరూ అనుకున్నారు. మావయ్య ముక్కుకి గుడ్డ కూడా అడ్డం పెట్టుకున్నాడు. ఆమె స్టీరింగు విరిచి, జీపుని తిన్నగా బంకు లోపలికి తోలి, గాలి మిషను పక్కన ఆపింది. ఇంజను ఆపలేదు.

"ఇప్పుడెందుకాగావు?" అన్నాడు మావయ్య, క్యానుతో వెనకే వచ్చి.

"ఇందాక బండి ఆగింది. ఇప్పుడు నేనాగాను. గాలి పట్టు."

"ఏంటీ?"

"గాలి మావయ్యా. అది బంకులన్నిట్లోనూ ఊరికే. వెనక రెండింటికీ కాస్త ఎక్కువ పెట్టాలి. నిండు ట్యాంకు బరువు మీద ఉంది."

మావయ్య కొడుకు వంక చూశాడు. కొడుకు ఆకాశం వంక చూశాడు. బంకులో డీజిలు పోయించుకుంటున్న లారీవాడు పని మానేసి మరీ చూస్తున్నాడు. మావయ్య క్యాను కింద పెట్టాడు. గాలి పైపు లాగాడు. పంచె ఎగ్గట్టి వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, వాల్వు మూత విప్పాడు. టైరులోకి గాలి బుసకొడుతూ పోయింది.

"ఎంత పెట్టమంటావు?" అన్నాడు తలెత్తకుండా.

డ్రైవరమ్మ కిటికీ మీద మోచెయ్యి ఆనించి కిందికి చూసింది.

"నేను చాలన్నప్పుడు ఆపు."